నల్లాకు కంకుల కుచ్చు

ఊద మోసం చేసిందని ఎవరైనా అంటే నాగులమ్మ ఒప్పుకునేది కాదు. ఊదగడ్డికి నోరుందా, నీతి ఉందా, ఇచ్చిన మాట ఉందా? అది గడ్డి. దాని బతుకు అది బతికింది. మోసం చేసినవాడు మనిషి. ఆమె వసారాలో కూర్చుని, ఆమె చేతి సంగటి తిని, అక్కా అని పిలిచిన మనిషి. ఆ సంగతి వడమాలపేట చుట్టుపక్కల కలుపు తీసే ఆడవాళ్ళందరికీ తెలుసు గానీ, ఎవరికి తెలిసింది వాళ్ళు సగం సగం చెబుతారు. మొదటి నుంచీ చెబితే గానీ ఆమె కడుపుమంట అర్థం కాదు.

వరి చేలో ఊద అంటే ఇంటి దొంగే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా. వరి పక్కనే మొలుస్తుంది, వరి ఎత్తే పెరుగుతుంది, వరికి వేసిన ఎరువు తింటుంది. కంకి వేశాక దాన్ని చంటిపిల్ల కూడా గుర్తుపడుతుంది, కానీ అప్పటికి అది తినాల్సింది తినేసి గింజ రాల్చడానికి సిద్ధంగా ఉంటుంది. కాబట్టి కంకి రాకముందే పట్టాలి. పట్టడానికి కన్ను కావాలి. ఆ కన్ను నాగులమ్మకు ఉంది.

పదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడే తల్లి తాయమ్మ ఆమెను బురదలోకి దించి నేర్పింది. "మొదలు సూడు మే. వరికి మొదలు పచ్చగా ఉంటాది, ఊదకు ఎర్రగా ఉంటాది. వరి నిటారుగా నిలబడతాది, ఊద రొంత పక్కకు వాలతాది. ఎరుపు కనపడితే పీకు, వాలింది కనపడితే పీకు. ఆలోచన సేస్తా నిలబడొద్దు." నలభై ఏళ్ళుగా ఆమె ఆలోచించకుండా పీకుతూనే ఉంది. పన్నెండు మంది ఆడవాళ్ళు వరసగా వంగి నడుస్తుంటే, తన సాలు తాను చూసుకుంటూనే పక్క సాలులో చెల్లెలి కూతురు మునిలక్ష్మి వదిలేసినదాన్ని కూడా పట్టేది.

"మే మునిలక్ష్మీ, మొగుణ్ని దాసిపెట్టినట్టు ఎడం కాలి పక్కన దాన్ని దాసిపెట్టినావే. పీకు."

"నీ కన్ను పడితే మొగుడైనా ఎండిపోతాడు పెద్దమ్మా. అందుకే దాస్తావుండా!"

చేనంతా నవ్వులే. నాగులమ్మ మాత్రం నవ్వేది కాదు, నవ్వితే సాలు తప్పుతుందని.

తల్లి నేర్పినవాటిలో అర్థం తెలియకుండానే ఆమె పట్టుకు వేలాడింది ఒకటుంది. నల్లాకు వరి. ఆకు వంకాయ రంగులో ఉండే పాత రకం. బియ్యం ఎర్రగా ఉంటాయి, దిగుబడి అంతంత మాత్రం. మూడేళ్ళకొకసారి చేనంతా ఆ వరే పెట్టాలనీ, పెడితే చేనికి తగిలిన దిష్టి పోతుందనీ తాయమ్మ కాలంలో పెద్ద పట్టింపు. పొట్టి వంగడాలూ ఎరువు బస్తాలూ వచ్చాక దిష్టి కోసం ఒక పంట పోగొట్టుకునే రైతు ఎవడున్నాడు? అందరూ మానేశారు. నాగులమ్మ మాత్రం తాను చేసుకునే మూల కయ్యలో గెనిమ గట్టు పక్కన రెండు సాళ్ళు నల్లాకు పెట్టేది. ఆ బియ్యంతో జాతరకు గంగమ్మకు పొంగలి వండేది. నాలుగు గుప్పెళ్ళ కంకులు కుచ్చుగా కట్టి పిచ్చుకల కోసం వసారా దూలానికి వేలాడదీసేది. అంతకు మించి వాటితో పనేముంది?

మూల కయ్య అంటే రంగనాథం నాయుడి ఆరెకరాల చేనుకు తూర్పు మూలనున్న అరెకరా మడి. నాగులమ్మ భర్త గంగులప్ప దాన్ని కోరుకు చేసేవాడు, పండినదాంట్లో సగం నాయుడికి, సగం తమకు. ఆయన పాము కరిచి పోయాక నాగులమ్మే మడక పట్టించి దున్నించి, తానే నాట్లు వేసి, తానే కోసుకునేది. కాగితమంటూ ఏమీ లేదు. నాయుడి బావమరిది మునికృష్ణకు ఆ మూల మీద కన్నుంది. అక్కడ బోరు వేసి మోటారు షెడ్డు కట్టాలని రెండేళ్ళుగా నాయుడి చెవిలో ఊదుతున్నాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాగులమ్మకు అన్నం సయించేది కాదు. రోజంతా ఊరివాళ్ళ చేలలో వంగి పనిచేసినా, ఇంటికొచ్చి తన మడిలో పండిన గింజ వండుకుని తింటుంటే ఆమె ఎవరికీ తక్కువ కాదనిపించేది. ఆ మడి పోతే ఆమె వట్టి కూలిదైపోతుంది. ఆమె భయం అదొక్కటే.

డెబ్భై ఏడు వానాకాలంలో బాలసుబ్రమణ్యం వచ్చాడు. తిరుపతిలో ఒక కాలేజీలో మొక్కల పాఠం చెప్పే అయ్యవారు. ముప్పై అయిదేళ్ళుంటాయి, కళ్ళద్దాలు, భుజాన గుడ్డసంచి. పుత్తూరు బస్సు దిగి గెనిమల మీద నడుస్తూ వచ్చి, ప్యాంటు మోకాళ్ళకు మడిచి కలుపు తీసేవాళ్ళ వెంట బురదలోకి దిగాడు. ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వుకున్నారు. నాలుగో రోజుకు నవ్వడం మానేశారు, ఎందుకంటే ఆయన నడుం నొప్పి అనకుండా సాయంత్రం దాకా నడిచేవాడు.

"అక్కా, ఇది ఊద అని నీకెట్ల తెలిసింది?" అని అడిగేవాడు.

"కనపడతాంది గదప్పా!"

"ఏం కనపడతాంది?"

అలా అడిగినవాళ్ళు ఆమె బతుకులో ఎవరూ లేరు. మొదలు ఎరుపు, వాలడం, తల్లి చెప్పినదంతా చెప్పింది. ఆయన చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. మధ్యాహ్నం ఆమె ఇంటికే వచ్చి సంగటి ముద్ద, చెనిక్కాయల ఊరిబిండి తిన్నాడు. తన చదువును అయ్యవారు చదువుగా చూశాడని నాగులమ్మ పొంగిపోయింది. ఎందుకు పొంగదు? ఎవరు మాత్రం పొంగరు?

ఆ ఏడే ఆయన ఆమె పెరట్లో అరవై కుండీలు పెట్టించాడు. ఇరవైలో వరి, ఇరవైలో కాలవ గట్టున పెరిగే ఊద, ఇరవైలో నాయుడి చేలోనే ఏరిన గింజలతో మొలిపించిన ఊద. దేంట్లో ఏముందో ఆయనకే తెలుసు. మొక్కలు జానెడు పెరిగాక, "ఊద ఏదో పీకెయ్యక్కా" అన్నాడు. వక్కాకు నమిలేంతలో నాగులమ్మ పని ముగించి చేతులు కడుక్కుంది. ఆయన ఒక్కో కుండీ దగ్గర కూర్చుని, మిగిలిన మొక్కల ఆకులు విప్పి చూసి రాసుకున్నాడు. ఆయన కళ్ళు మెరిసిపోతున్నాయి.

"ఎట్లుండాది నా కన్ను?"

"అక్కా, నీ అంత కన్ను ఈ జిల్లాలో లేదు."

మరుసటేడు మళ్ళీ కుండీలు పెట్టాడు, మళ్ళీ అదే మాట అన్నాడు. ఆ మాట నాగులమ్మ ఊరంతా చెప్పుకుంది. పెద్ద చదువు చదివినవాడి నోటినుంచి వచ్చిన మాట మరి!

డెబ్భై తొమ్మిదిలో నాయుడు విత్తనాల పంట ఒప్పుకున్నాడు. మామూలు వడ్లు కాదు, ఇతర రైతులకు విత్తనంగా పంచే వడ్లు. అందులో ఊద గింజ కలవకూడదు. కంకులు పైకొచ్చే సమయానికి విత్తనాల ఆఫీసరు చిత్తూరు నుంచి వచ్చి చూస్తాడు, ఊద కంకులు మితిమీరి కనపడితే చేను మొత్తం విత్తనానికి పనికిరాదని కొట్టేస్తాడు.

ఆ రోజు గెనిమ మీద నాయుడున్నాడు, మునికృష్ణ ఉన్నాడు, అయ్యవారు కూడా ఉన్నాడు. "వీళ్ళను నమ్ముకుని దిగతావా బావా?" అన్నాడు మునికృష్ణ వెటకారంగా. నాగులమ్మకు ఒళ్ళు మండింది. కొంగు నడుముకు దోపుకుని ముందుకొచ్చింది.

"నాయుడా, సేను నేను అప్పజెప్తా. ఆపీసరు ఒప్పుకుంటే మూల కయ్య నాకు కాగితం మీద రాసియ్యి, నేను సచ్చేదాకా కోరు నాదేనని. ఒప్పుకోలేదంటే కయ్య నేనే ఇడిసిపెడతా. గంగమ్మ మీద ఆన."

నాయుడు మీసం దువ్వుకున్నాడు. ఆయన మాటిస్తే తప్పడు, ఇంకొకరు తప్పితే ఊరుకోడు. "అంత ధైర్యం ఏందమ్మే నీకు?"

"అయ్యవారే సాచ్చి. నా కన్ను సంగతి ఆయన్నడుగు. రెండేండ్లు పరీచ్చ పెట్టినాడు."

నాయుడు అటు తిరిగాడు. "ఏమప్పా, నిజమేనా?"

అయ్యవారు కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. చాలాసేపు తుడిచాడు. "ఆమె అంత కన్ను నేను యాడా సూళ్ళేదు నాయుడుగారూ" అన్నాడు.

"సరే, మాట మాటే" అన్నాడు నాయుడు.

ఆ వానాకాలం నాగులమ్మ ఆ చేనును కంటిపాపలా చూసుకుంది. కూలికి రెండుసార్లు కలుపు తీయించాడు నాయుడు. మూడోసారి ఆమె కూలి అడగకుండా మునిలక్ష్మిని తోడు తీసుకుని తానే తీసింది. ఎక్కడా ఎరుపు లేదు, ఎక్కడా వాలు లేదు. చేనంతా దువ్విన తలలా ఉంది. "ఇంక ఒక్కటి లేదు మే. గంగమ్మ తోడు, ఒక్కటి లేదు" అంది గట్టెక్కి. అయ్యవారు వారానికొకసారి వచ్చి గెనిమ మీద నుంచి చూసి, రాసుకుని పోయేవాడు. ఎప్పటిలాగే సంగటి తినేవాడు.

వరి పొట్ట పగిలి కంకి వేసే వేళకు వాన పట్టింది. నాలుగు రోజులు చేలోకి కాలు పెట్టనివ్వలేదు. అయిదో రోజు పొద్దున తెరిపి ఇచ్చింది, ఆఫీసరు జీపు కూడా ఆ పొద్దునే వచ్చింది. నాగులమ్మ పసుపు రాసుకుని, తలకు నూనె పెట్టుకుని చేను దగ్గరికి వెళ్ళింది. కాగితం రాయించుకుంటానని కదా ఆమె ఆశ!

గట్టెక్కి చూసి అక్కడే నిలబడిపోయింది. నాలుగు రోజుల్లో వరి కంకులతో పాటే ఊద కంకులూ బయటపడ్డాయి. ఒకటీ రెండూ కాదు. అడుగడుగునా, ఆమె చేత్తో తడిమి వచ్చిన సాళ్ళలోనే, ఆమె పచ్చగా నిటారుగా చూసి ముద్దుగా వదిలిపెట్టిన దుబ్బుల్లోంచే, ముళ్ళ ముళ్ళ ఊద కంకులు తల ఎగరేసి చూస్తున్నాయి. ఆఫీసరు పది అడుగులు చేలోకి నడిచి, వెనక్కి తిరిగి, ఏదో రాసి నాయుడి చేతిలో పెట్టి జీపెక్కాడు.

"నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనాయంట. అట్లుండాది నా పని" అన్నాడు నాయుడు. అరవలేదు. అరిచి ఉంటే ఆమెకు కాస్త తేలికగా ఉండేది. "ఈ పంట కోసుకో నాగులమ్మా. కోసినాక మూల కయ్య ఇడిసిపెట్టు. మాట నువ్విచ్చిందే."

"ఇటుకలు తోలించమంటావా బావా?" అన్నాడు మునికృష్ణ.

వారంలోపల ఊళ్ళో మాటలు పుట్టాయి. ఎవరి దగ్గరో చేయి తడుపుకుని కావాలనే వదిలిందని కొందరు, ముసలితనం వచ్చిందని కొందరు. మునిలక్ష్మి మెల్లగా అంది, "పెద్దమ్మా, ఒకతూరి కన్ను సూపించుకోరాదా? శుక్లమేమో." నిజమేమో అనుకుంది నాగులమ్మ. తిరుపతికి పోయి కంటి డాక్టరు ముందు కూర్చుంది. ఆయన లైటు వేసి చూసి, గోడ మీద బొమ్మలు చూపించి, "ఈ వయసులో ఇంత మంచి చూపు నేను చూడలేదమ్మా" అన్నాడు. ఆ మాటకు ఆమెకు ఏడుపొచ్చింది. కన్ను బాగుంటే మరి తనకేమైంది?

తడిగుడ్డలో చుట్టి తెచ్చుకున్న ఊద దుబ్బు ఒకటి సంచిలో ఉంది. అడగడానికి లోకంలో ఒక్కడే ఉన్నాడు. అడుగుతూ అడుగుతూ కాలేజీకి పోయింది.

అయ్యవారు ఆమెను చూసి కుర్చీలోంచి లేచాడు. "రా అక్కా, రా! నేనే వద్దామనుకుంటా ఉండా. మన పని ముగిసిపోయినాది. సూడు!" బల్ల నిండా ఎండబెట్టి కాగితాలకు అతికించిన ఊద మొక్కలు. ఆమె తెచ్చిన దుబ్బును అందుకుని, ఆకును కాడ నుంచి వెనక్కి విప్పాడు. "ఈడ సూడక్కా. వరికైతే ఇక్కడ తెల్లటి చిన్న నాలుక ఉంటాది. ఊదకు ఉండదు. మీ సేనులో ఇంక ఈ తేడా ఒక్కటే మిగిలుండాది. ఎరుపు పోయింది, వాలడం పోయింది."

"యాడికి పోయింది?"

"నువ్వే పీకేసినావు."

ఆమెకు అర్థం కాలేదు. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, క్లాసులో పిల్లలకు చెప్పినట్టు చెప్పాడు. "ఒక కడుపున పుట్టిన బిడ్డలే ఒక మాదిరి ఉండరు గదా. ఊద కూడా అంతే. మీ అమ్మ కాలంలో ఎక్కువ ఎర్రవే. ఏదో నూటికొకటి పుట్టుకతోనే రొంత పచ్చగా, రొంత నిటారుగా ఉంటాది. ఎర్రవాటిని మీరు పీకేస్తిరి. పీకినదానికి గింజ లేదు, బిడ్డల్లేరు. ఆ పచ్చది తప్పించుకున్నాది, కంకేసింది, గింజ రాల్చింది. దాని బిడ్డలు దాని మాదిరే పుట్టినాయి. వాటిల్లో మళ్ళా ఎవరు మిగిలినారు? ఇంకా జాస్తి వరి మాదిరి ఉండేవే. ఇట్ల ఏడాదికేడాది, మీ అమ్మ కాలం నుంచి, దానికి ముందు నుంచి. ఊద ఏమీ నేర్సుకోలేదక్కా, దానికేం బుద్ధుండాది? నీ కన్నే జల్లెడ. జల్లెడలోంచి జారిపోయిందే ఈ పొద్దు సేను నిండా ఉండాది. నీ కన్ను ఎంత మంచిదైతే ఇది అంత బాగా వరి మాదిరి అవుతాది."

ఆయన ఆగలేదు. రెండు ఎండు మొక్కలు పక్కపక్కన పెట్టాడు. "ఇది కాలవ గట్టుది, ఎవరూ పీకరు, ఇంకా ఎర్రగా వాలే ఉండాది. ఇది సేనుది. రెండింటిదీ ఒకే వంశం. కానీ గట్టుది నెల ముందే పూస్తాది, సేనుది వరితో పాటు పూస్తాది. ఒకటి పూసే పొద్దుకు ఇంకొకటి పూయదు. పుప్పొడి కలవదు. పిల్లనిచ్చి పిల్లను తెచ్చుకునేది మానేసిన రెండిళ్ళ మాదిరి. ఇట్ల వేల ఏండ్లు గడిస్తే ఒకదానికొకటి సంబంధమే లేని రెండు జాతులైపోతాయి. లోకంలో కొత్త జాతులు పుట్టేదానికి ఇదొక దారి అక్కా. అది నీ చేతికింద మొదలైనాది!"

తొలిచూలు బిడ్డను ఎత్తుకున్న తండ్రిలా ఉంది ఆయన మొహం. నాగులమ్మ ఆ మొహాన్నే చూస్తూ ఉంది. ఆమెకు అర్థమైంది. చదువు లేకపోవచ్చు, బుద్ధి లేదా? అంతా అర్థమైంది, ఆయన చెప్పనిది కూడా.

"అయ్యవారూ, కుండీల్లో నేను ఎన్ని వదిలిపెట్టినా?"

ఆయన చేయి పుస్తకం మీద ఆగింది. మెల్లగా పేజీ తిప్పాడు. "గట్టువి ఒక్కటి వదల్లేదు. సేనువి... మొదటేడు ఇరవైకి తొమ్మిది. రెండో ఏడు పన్నెండు."

"నేను నాయుడికి మాటిచ్చే పొద్దుకు ఇది నీకు తెలుసు."

"తెలుసు."

"తెలిసే సాచ్చ్యం సెప్పినావు."

"నేను అబద్ధం సెప్పలేదక్కా. నీ అంత కన్ను యాడా లేదనే సెప్పినా. అది నిజమే."

"ఆ నాలుక సంగతి ఒక్క మాట సెప్పుంటే, రాత్రీ పగలూ వంగి ఒక్కొక్క ఆకు విప్పి సూసుకునేదాన్ని గదా!"

"అందుకే సెప్పలేదు" అన్నాడు ఆయన. "సెప్తే నువ్వు ఎప్పటి మాదిరి కంటితో తీసేదానివి కాదు. లెక్క చెడిపోయేది. మూడేండ్ల పని అక్కా."

తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే. కోసేవాడికి చేతికి రక్తం అంటదు, కోయించుకునేవాళ్ళకు అరుపు రాదు. నాగులమ్మ అరవలేదు. ఇంకా ఆశ చావలేదు ఆ పిచ్చిదానికి. "అయిందేదో అయింది. వచ్చి నాయుడికి ఒక్క మాట సెప్పు నాయనా. నాగులమ్మ తప్పు లేదని సెప్పు. కయ్య మిగుల్తాది."

"వస్తా అక్కా. డాక్టరు పట్టాకు రాసే ఈ పుస్తకం పెద్దవాళ్ళకు అప్పజెప్పేదాకా దీన్ని బయట పెట్టకూడదు. రెండు నెలలు ఓపిక పట్టు."

రెండు నెలలు. నెలలోపే కోత ముగుస్తుంది, ఇటుకలు దిగుతాయి. ఆమె లేచి వచ్చేసింది. ఊద దుబ్బు ఆయన బల్ల మీదే ఉండిపోయింది.

బస్సు దిగి ఇంటికి పోబుద్ధి కాక మూల కయ్య దగ్గరికి పోయి గెనిమ మీద కూర్చుంది. ఇంకో నెలలో ఇది తనది కాదు. పచ్చ వరిలో ఎక్కడెక్కడ ఊద ఉందో, ఇంకా కంకి వేయని పిలకల్ని కంటితో పట్టాలని చూసింది. పట్టలేకపోయింది. కళ్ళు తుడుచుకుని గెనిమ పక్కనున్న రెండు నల్లాకు సాళ్ళ వైపు తిరిగింది. వంకాయ రంగు ఆకుల మధ్య మూడు పిలకలు పచ్చగా కొట్టొచ్చినట్టు కనపడ్డాయి. మూడూ ఊదే. లేవనక్కర్లేదు, వంగనక్కర్లేదు. పది బారల దూరం నుంచే పట్టొచ్చు.

చేనంతా నల్లాకు పెడితే పచ్చగా ఉన్నదల్లా ఊదే. ఒక్కటీ తప్పించుకోదు, ఒక్కదానికీ గింజ ఉండదు. పచ్చ వరిలో దాక్కోవడానికి అది ఎన్ని తరాలు గడిపి ఆ పచ్చదనం తెచ్చుకుందో, అదే దాన్ని పట్టించేస్తుంది. నేలలో మిగిలిన గింజలు మళ్ళీ మొలిచే వేళకు, మూడేళ్ళకు, మళ్ళీ నల్లాకు. దిష్టి తీయడమని తాయమ్మ అన్నది దీన్నే! "అమ్మా, అర్థం సెప్పకుండా పోయినావే" అని నాగులమ్మ గెనిమ మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఏడుస్తుండగానే ఒక ఆలోచన అలవాటుగా వచ్చింది. దీన్ని అయ్యవారికి చెప్పాలి, ఎంత సంతోషపడతాడో అని. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం పుట్టింది.

ఆ పంట కోశాక మూల కయ్య పోయింది. నల్లాకు కోసి, వచ్చే జాతర పొంగలికి నాలుగు సోలలు ఉంచుకుని, మిగిలినవి కుచ్చు కట్టింది. దాన్ని మళ్ళీ నాటడానికి ఆమెకు నేల లేదు. బోరు పడింది, షెడ్డు లేచింది. నాగులమ్మ కలుపుకు పిలిచినవాళ్ళ చేలకు పోయి, వరసకు ముందు కాకుండా చివర్న వంగేది.

ఎనభై వేసవిలో, గంగమ్మ జాతరకు వారం ముందు అయ్యవారు వచ్చాడు. చేతిలో అరటిపళ్ళు, చంకలో లావుపాటి పుస్తకం. ఇప్పుడాయన డాక్టరు బాలసుబ్రమణ్యం. రెండు నెలలు ఆరు నెలలయ్యాయి. నాగులమ్మ చాప వేసింది. ఇంటికొచ్చినవాణ్ని పొమ్మనే అలవాటు ఆమెకు లేదు. సంగటి మాత్రం పెట్టలేదు.

"దోవలో నాయుడితో మాట్లాడినా అక్కా. నీ తప్పు లేదని సెప్పినా. షెడ్డు సూపించి నవ్వినాడు." ఆయన తల వంచుకున్నాడు. పుస్తకం తెరిచి చూపించాడు. "ఇదంతా మన పనే అక్కా."

"నా పేరు యాడుండాది?"

"ఇట్లాంటివాటిల్లో పేర్లు రాయరక్కా. కలుపు తీసే కూలి అని రాసినా."

నాగులమ్మ ఆ అక్షరాల వైపు చూసి తల ఊపింది.

వచ్చిన పని ఇప్పుడు బయటపడింది. "అందరూ ఒకటే అడుగుతా ఉండారు. ఈ ఊదను పట్టే మార్గమేందని. వేల ఎకరాల్లో ఇదే బాధ. దాని జవాబు దొరికితే ఇంకో పుస్తకం రాయొచ్చు. మీ అమ్మ కాలంలో ఏమన్నా సేసేవాళ్ళా? రొంత గుర్తు తెచ్చుకో అక్కా."

నల్లాకు కుచ్చు ఆయన తల మీదనే వేలాడుతోంది. ఎండితే ఏ ఆకైనా గడ్డి రంగే, పొగ పట్టి ఉంది, ఆయన దాన్ని చూసినా చూడలేదు. మాట నాగులమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఎన్ని చేలు బాగుపడతాయో, ఎంతమంది నడుములకు ఎంత తెరిపో ఆమె కంటే ఎవరికి తెలుసు? తల్లి సొత్తు అది, దాచుకునేది కాదు. కానీ కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఈయన దాచిన మాట గుర్తొచ్చింది. ఒక్క మాట. అదే నాలుక చివర ఉండి కూడా రాని మాట.

"నాకేం తెలుస్తాది అయ్యవారూ. నేను కలుపు తీసే కూలిదాన్ని."

ఆమెకు సంతోషం కలగలేదు. తనను మోసం చేసినవాడికి ఎదురు దెబ్బ కొడితే చల్లగా ఉంటుందనుకుంది. చల్లగా లేదు, నోరంతా చేదుగా ఉంది. అయినా ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

అయ్యవారు నిట్టూర్చి లేచాడు. లేవడంలో తల కుచ్చుకు తగిలి, నాలుగు గింజలు ఆయన పుస్తకం మీద రాలాయి. పైకి చూసి నవ్వాడు.

"పిచ్చుకలకా అక్కా?"

"అవునప్పా. పిచ్చుకలకే."

ఆయన పుస్తకం దులిపి, గెనిమ మీదుగా బస్సు రోడ్డు వైపు పోయాడు. కనుమరుగయ్యేదాకా చూసి, నాగులమ్మ చాప ఎత్తింది. నేల మీద పడిన గింజల్ని ఒక్కొక్కటే ఏరి కొంగున ముడి వేసుకుంది.